క్రైస్తవులుగా ప్రత్యేకంగా బతకడం, బోధించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సండే స్కూలు బోధకులు, యౌవనస్థుల కూడికలకు వచ్చేవారు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. సంఘానికో ఆచారం ఉంటుంది కాబట్టి కొన్ని జవాబులు మీ కాపరిగారి మాటతో కలవకపోవచ్చు. అలాంటి చోట వాక్యం తెరిచి ఆయనతో మాట్లాడండి. ఈ పేజీని సాక్ష్యంగా పట్టుకెళ్లి ఆయనతో తగువు పెట్టుకోవద్దు.

బొట్టు పెట్టుకోకపోవడం, నగలు తీసేయడం, తెల్లబట్టలు కట్టుకోవడం. క్రైస్తవ ప్రత్యేకత అంటే ఇదేనా?

కొందరికి అది మనస్సాక్షికి సంబంధించిన విషయం. ముఖ్యంగా పెంతెకొస్తు సంఘాల్లో చాలామంది అక్కలు బాప్తిస్మం నాడు తీసిన కమ్మలు మళ్లీ పెట్టుకోరు. వారిని వెక్కిరించకూడదు. అలాగని దాన్ని కొలబద్ద చేసి పక్కింటి విశ్వాసిని కొలవనూ కూడదు. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం గురించి పేతురు తన మొదటి పత్రికలో హెచ్చరించిన మాట నిజమే. ఆ వెంటనే సాధువైన, మృదువైన మనస్సే అసలు అలంకారం అని కూడా రాశాడు. చెవులకున్న కమ్మలు తీసేసి, అదే చెవులతో ఊరందరి చాడీలు వింటూ కూర్చుంటే పేతురు చెప్పింది సగమే చేసినట్టు.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. రెండో శతాబ్దంలో దియొగ్నేతు అనే వ్యక్తికి ఎవరో గ్రీకులో రాసిన ఉత్తరం ఒకటి మిగిలి ఉంది. రాసినవారి పేరు తెలియదు. క్రైస్తవులు దేశంలోగానీ, భాషలోగానీ, ఆచారాల్లోగానీ మిగతావారికంటే వేరుగా కనిపించరనీ, ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి తిండి, ఆ ఊరి బట్టేననీ అందులో ఉంది. మరి తేడా ఎక్కడ? అందరిలాగే వీళ్లూ పెళ్లిళ్లు చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, కానీ పుట్టిన బిడ్డను పారేయరు అంటాడాయన. వద్దనుకున్న పసికందును, అందులోనూ ఆడపిల్లను, ఊరి బయట వదిలేయడం ఆనాటి రోమా సామ్రాజ్యంలో వింతేమీ కాదు. ఆ మాట చదివితే నాకు మన స్కానింగ్ సెంటర్లు గుర్తొస్తాయి. పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చింది. అయినా చెవిలో ఆ కబురు వేసేవారున్నారు, డబ్బిచ్చి వినేవారున్నారు. ఆ గుమ్మం ఎక్కని కుటుంబం బొట్టు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా ప్రత్యేకమైన కుటుంబమే.

లోకంలో ఉండాలి, లోకస్తులుగా ఉండకూడదు అంటారు. ఉద్యోగం, స్నేహితులు, సినిమాలు అన్నీ మానేయాలా?

యోహాను సువార్త 17వ అధ్యాయంలో యేసుప్రభువు ప్రార్థన చదవండి. శిష్యులను లోకంలోనుంచి తీసుకుపొమ్మని ఆయన అడగలేదు, దుష్టునినుంచి కాపాడమని అడిగాడు. దానియేలు బబులోను కొలువులో పనిచేశాడు, ఆ భాష, ఆ విద్య నేర్చుకున్నాడు, వాళ్లు పెట్టిన పేరుతో పిలిస్తే పలికాడు. రాజు భోజనం దగ్గర మాత్రం గీత గీసుకున్నాడు. మీ గీత ఎక్కడో ముందే తెలిసి ఉండాలి, అంతే. పరీక్ష ఎదురయ్యాక గీత వెతుక్కుంటే అది ఎప్పుడూ కాస్త అవతలే కనిపిస్తుంది.

పక్కింటి వాళ్లు ప్రసాదం తెచ్చి ఇస్తారు. తీసుకోవాలా? తీసుకుని పారేయాలా?

మాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే.

కొరింథు సంఘం పౌలును అడిగింది కూడా దాదాపు ఇదే. ఆయన జవాబు ఒక్క ముక్కలో లేదు. విగ్రహం వట్టిది కాబట్టి భోజనం భోజనమే అని మొదట ఒప్పుకున్నాడు. తర్వాత, నీ స్వేచ్ఛ చూసి బలహీనుడైన సహోదరుడు తడబడితే ఆ తిండి నాకసలు వద్దే వద్దు అన్నాడు. అవిశ్వాసి భోజనానికి పిలిస్తే వడ్డించింది ఏ విచారణా చేయకుండా తినమన్నాడు. ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే మాత్రం, చెప్పినవాడి కోసం తినవద్దన్నాడు. ప్రసాదం విషయంలో ఆ చెప్పడం ఎలాగూ జరిగిపోతుంది కాబట్టి మన సంఘాల్లో ఎక్కువమంది తినరు. నా అభిప్రాయమూ అదే. తిన్నవాడి రక్షణ పోయిందని మాత్రం అనను.

అసలు పరీక్ష తినడం దగ్గర కాదు, గుమ్మం దగ్గర. వరలక్ష్మీ వ్రతం నాడు పక్కింటి పిన్నిగారు గిన్నె మీద మూత పెట్టుకుని వచ్చి నిలబడ్డారనుకోండి. ఆమె మనల్ని పరీక్షించడానికి రాలేదు, తమ సంతోషంలో పాలు పంచడానికి వచ్చారు. తలుపు సగం తెరిచి "మేము క్రైస్తవులం, ఇవి ముట్టం" అంటే ఆ గడపలో ఇక మన మాట చెల్లదు. "పిన్నిగారూ, లోపలికి రండి, కూర్చోండి. దేవుడికి పెట్టింది మేము తినమండీ, మీరేమీ అనుకోవద్దు. మీరు చేసే పులిహోర ఎప్పుడైనా మామూలుగా చేసినప్పుడు పెట్టండి, తప్పకుండా తింటాం" అనవచ్చు. చాలామంది నొచ్చుకోరు. పైగా మరో రోజు దేవుడికి పెట్టని పులిహోర వేరే తెచ్చిస్తారు. తీసుకుని వెనకనుంచి చెత్తబుట్టలో వేయడం మాత్రం వద్దు. అది అబద్ధం, పైగా తిండిని అవమానించడం. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఇంటివాళ్ల కంట పడుతుంది కూడా.

క్రిస్మస్‌కు మనం పంచే కేకు వాళ్లు కాదనకుండా తీసుకుంటున్నారని కూడా గుర్తుంచుకోండి.

స్నేహితుల గృహప్రవేశాలకు, పెళ్లిళ్లకు, చావులకు వెళ్లవచ్చా?

వెళ్లండి. పూజ జరుగుతున్నప్పుడు పక్కన మర్యాదగా నిలబడితే చాలు, మీరు పాల్గొనలేదని అందరికీ తెలుస్తుంది. సిరియా సైన్యాధిపతి నయమాను తన రాజుతో రిమ్మోను గుడికి వెళ్లాల్సి వస్తుందని మొహమాటంగా చెబితే, ఎలీషా అతన్ని గద్దించకుండా సమాధానంతో పంపాడు. చావు ఇంటికైతే మొదట వెళ్లేది మీరే కావాలి. భోజనం వండి పంపండి, కుర్చీలు సర్దండి, స్మశానం దాకా నడవండి.

ఇక సంక్రాంతికి ముగ్గు వేయాలా, కొత్తబట్టలు కట్టాలా అన్నది ఇంటికి ఇల్లు తేలే విషయం. తెలుగు నేల అలవాట్లన్నీ అన్యాచారాలని తీసిపారేస్తే మిగిలేది తెల్లదొరల అలవాట్లే. డోర్నకల్‌లో అజరయ్యగారు కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ చూస్తే ఈ మాట బోధపడుతుంది. ఆయన 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ ఆలయంలో గుడి మండపం స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ, సిలువా కలిసి కనిపిస్తాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మన రాగతాళాల్లో సాగినందుకు ఎవరి విశ్వాసమూ పలచబడలేదు.

ఆఫీసులో అందరూ తీసుకుంటారు. నేనొక్కడినే లంచం వద్దంటే పని చేయనివ్వరు. ఏం చేయాలి?

బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరకు సుంకరులు వచ్చి ఏం చేయాలని అడిగితే ఉద్యోగం మానేయమని ఆయన అనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయవద్దన్నాడు. సైనికులకు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. ఇంతకంటే సూటిగా ఆఫీసు గురించి మాట్లాడిన చోటు బైబిల్లో నాకు కనిపించదు.

వాస్తవంలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. మీరు ఇంజనీరింగ్ విభాగంలో ఉన్నారు. సిమెంటు రోడ్డు మందం నాలుగు అంగుళాలే ఉంది, కొలతల పుస్తకంలో ఆరు రాయాలి. కాంట్రాక్టరు మీ టేబుల్ మీద కవరు పెట్టడు. సాయంత్రం ఇంటికి వచ్చి పిల్లలకు స్వీట్లు ఇస్తాడు, "సార్, చర్చి ప్రహరీకి ఇటుకలు నేను తోలిస్తాను" అంటాడు. ఉచ్చు ఉన్నది ఇక్కడే. మీ జేబులోకి వచ్చే లంచాన్ని కాదన్నవారు సంఘానికి వచ్చే లంచం దగ్గర మెత్తబడతారు. ఆ ఇటుకలతో కట్టిన గోడ లోపల నీతి గురించి ప్రసంగించడం కష్టం. కొలత నాలుగైతే నాలుగే రాయండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. లంచం తీసుకోని విశ్వాసుల్లో కొందరికి పని కూడా చేయని జబ్బుంది. ఫైలు మూడు వారాలు కదలదు, అడిగితే నియమాలు వల్లిస్తారు. బయట బెంచీ మీద కూర్చున్న పింఛను ముసలాయనకు ఈయన నిజాయితీ కంటే పక్క సీటు ఆయన లంచమే నయమనిపిస్తుంది. చేతులు శుభ్రంగా ఉంచుకుంటే సరిపోదు, ఆ చేతులతో ఫైలు కదపాలి.

ఇవ్వాల్సి వచ్చేవారి సంగతి: అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వస్తే ఏడు రోజుల్లో అధికారులకు తెలియజేసినవారికి రక్షణ ఉంది. అవినీతి నిరోధక శాఖకు ఫిర్యాదు చేయడం పగ తీర్చుకోవడం కాదు. దానికి ప్రార్థన ఎంత అవసరమో కాగితాలు కూడా అంతే అవసరం.

సంఘంలో అందరూ సహోదరులే అంటారు. పెళ్లి దగ్గరికొచ్చేసరికి కులం అడుగుతారు. ఇదేమిటి?

సిగ్గుచేటు. దీనికి మెత్తటి జవాబు నా దగ్గర లేదు.

పెళ్లి సంబంధాల ప్రకటనల్లో క్రైస్తవ అనే మాట పక్కనే కులం పేరు అచ్చవుతుంది. ఒకే ఊళ్లో మాలపల్లెకో చర్చి, మాదిగపల్లెకో చర్చి. కొన్నిచోట్ల సమాధుల తోటలో కూడా హద్దు. యూదుడని గ్రీసు దేశస్థుడని లేదు అన్న గలతీ పత్రిక మాట కంఠస్థం వచ్చినవాళ్లే ఇదంతా నడుపుతున్నారు.

మన చరిత్ర ఇలా మొదలవలేదు. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు పని మొదలుపెట్టిన కొత్తలో పై కులాలవాళ్లు తమ పిల్లల్ని బడికి పంపారు, ఆయన మాట విన్నారు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ విశ్వాసి వెంట మాదిగలు రావడం మొదలయ్యాక, వాళ్లను చేర్చుకుంటే మేము రాము అని తేల్చి చెప్పారు. పలుకుబడి ఒకవైపు, పేరయ్య మనుషులు ఇంకోవైపు. లోకరీతిని జ్ఞానులు, ఘనులు అనేకులు పిలువబడలేదు అన్న కొరింథు పత్రిక మాట ఆ రోజుల్లో క్లౌ దంపతులను నిలబెట్టింది. వాళ్లు పేరయ్య మనుషులవైపే ఉండిపోయారు. తెలుగు బాప్టిస్టు సంఘాలు పెరిగింది ఆ నిర్ణయం మీదే. ఆ చెట్టు నీడన కూర్చుని కులం లెక్కలు వేసుకోవడం ఏం న్యాయం?

బోధకులు చేయగలిగిన పని ఒకటుంది. సండే స్కూల్లో మంచి సమరయుని కథ చెప్పేటప్పుడు సమరయుని దూరదేశపు మనిషిగా వదిలేయకండి. మీ ఊళ్లో ఏ పేట మనిషి చేతి మంచినీళ్లు ఏ పేటవాళ్లు తాగరో పిల్లలకు తెలుసు. ఆ పేర్లతోనే కథ చెప్పండి. మరుసటి ఆదివారం ఒకరిద్దరు పెద్దలు మీ దగ్గరికి వస్తారు. రానివ్వండి.

మా సర్టిఫికెట్‌లో హిందూ ఎస్సీ అని ఉంది, ఆదివారం చర్చికి వెళ్తాం. ఇది అబద్ధమా?

చట్టం ఇలా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. షెడ్యూల్డు తెగలకు మతంతో నిమిత్తం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎస్సీలనుంచి క్రైస్తవంలోకి వచ్చినవారికి బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషను ఉంది. విశ్వాసం క్రైస్తవమై, రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని 2024 నవంబరులో పుదుచ్చేరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక నా మాట. చర్చిలో అడుగుపెట్టగానే ఊళ్లో అంటరానితనం పోదు. హోదా మాత్రం పోతుంది. ఇది అన్యాయం అని దళిత క్రైస్తవులు దశాబ్దాలుగా కోర్టుల్లో, వీధుల్లో పోరాడుతున్నారు. ఆ పోరాటంలో సంఘం నిలబడాలి. రిజర్వేషనుతో ఎప్పుడూ పనిపడని కుటుంబంలో పుట్టిన కాపరి, కూలి చేసుకుని కొడుకును చదివిస్తున్న తల్లిని పల్పిట్ మీదనుంచి అబద్ధికురాలు అనడం నాకు మింగుడుపడదు. అయితే ఆ పిల్లవాడితో రోజూ రెండు పేర్లు, రెండు ముఖాలు మోయించడం కూడా వాడికి మేలు కాదు. బాప్తిస్మానికి ముందే కుటుంబంతో కూర్చుని, ఏం పోతుందో ఏం ఉంటుందో కాగితం మీద చూపించి, వాళ్లనే నిర్ణయించుకోనివ్వాలి. పోగొట్టుకున్నదానికి బదులు చదువు ఖర్చు సంఘం పంచుకోవాలి. అది చేయలేని సంఘానికి ఆ ఇంటివారిని నిలదీసే హక్కు లేదు.

కట్నం తీసుకోవడం పాపమా? మా ఇంట్లో "మేము అడగలేదు, వాళ్లే ఇచ్చారు" అంటారు.

1961 చట్టం ప్రకారం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరాలే. అడగలేదన్నది పాత పాట. ఆడపడుచు లాంఛనాలు, పెళ్లి ఖర్చులకని ఒక మొత్తం, అబ్బాయి విదేశాల్లో ఉంటే మరో మొత్తం. ఇన్ని పేర్లు పెట్టినా సరుకు ఒకటే. మంచి అబ్బాయి, ప్రార్థనాపరుడు అని ధర పెంచడం కూడా చూశాం.

సంఘం చేతిలో ఒక అవకాశం ఉంది. మన సంఘాల్లో పెళ్లికి ముందు ఆదివారాల్లో ఆరాధనలో పెళ్లి ప్రకటన చదువుతారు. చదవడానికి ముందు కాపరి రెండు కుటుంబాలనూ కూర్చోబెట్టి "కట్నం మాట్లాడుకున్నారా?" అని సూటిగా అడగవచ్చు. ఉందని తెలిస్తే ప్రకటన చదవను అనవచ్చు. పెళ్లి కానుక తగ్గుతుందేమో అన్న భయం తప్ప దీనికి అడ్డేమీ లేదు.

మైకు పెట్టకపోతే సువార్త ఎలా వినిపిస్తుంది?

రాత్రి పదినుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. 2000 సంవత్సరంలో చెన్నైలోని ఒక చర్చి కేసులోనే సుప్రీంకోర్టు, పొరుగువారి ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదంది. గుడి మైకు కూడా మోగుతోంది కదా అంటారు. మోగనివ్వండి. పదో తరగతి పరీక్షల కాలంలో మైకు ఆపేసిన చర్చి గురించి ఊళ్లో మంచిగా చెప్పుకుంటారు.

ఆఫీసులో, బడిలో నా విశ్వాసం గురించి మాట్లాడవచ్చా?

మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. ప్రచారం వేరు, మతం మార్పించే హక్కు వేరు అని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. తిరుమల వంటి ఆలయ క్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో చేసిన చట్టం ప్రకారం నిషిద్ధం. అక్కడికి కరపత్రాలు పట్టుకెళ్లడం ధైర్యం కాదు, ఇతరుల ఇంట్లో దూరడం.

ప్రభుత్వ బడి ఉపాధ్యాయులైతే తరగతిలో బోధించకూడదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని 28వ అధికరణం చెబుతోంది. చట్టాన్ని పక్కన పెట్టినా, ఏడేళ్ల పిల్లవాడు టీచరుకు ఎదురు చెప్పలేడు. అలాంటివాడి మీద మీ అధికారాన్ని విశ్వాసం కోసం వాడడం విశ్వాసానికే చిన్నతనం. మీ సాక్ష్యం లెక్కలు రాని పిల్లవాడితో సాయంత్రం ఇంకో అరగంట కూర్చోవడంలో ఉంటుంది. ఎవరైనా పెద్దవాళ్లు "మీరెందుకిలా ఉంటారు?" అని అడిగితే అప్పుడు చెప్పండి. పేతురు కూడా అడిగినవారికే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంతో.

వేరే దేవుళ్ల గురించి కఠినంగా మాట్లాడకపోతే రాజీపడినట్టు కాదా?

ఎఫెసులో అల్లరి జరిగినప్పుడు ఊరి కరణం లేచి, ఈ మనుషులు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారూ కారు అని సాక్ష్యమిచ్చాడు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఉంది. పౌలు ఆ ఊళ్లో రెండేళ్లకు పైగా బోధించాడు, చేతులతో చేసినవి దేవుళ్లు కావని కూడా చెప్పాడు, అయినా అర్తెమిని తిట్టాడని శత్రువు కూడా అనలేకపోయాడు. ఏథెన్సులోనైతే వాళ్ల కవుల మాటలే ఎత్తి చెప్పాడు. మన పాత బోధకులు వేమన పద్యంతో మొదలుపెట్టి సువార్తలోకి వచ్చేవారు. ఇప్పటి కొందరు బూతుతో మొదలుపెట్టి వీడియోల లెక్క దగ్గర ఆగుతున్నారు.

అన్నట్టు, పొరుగువారిని ఎదురుగా "అన్యులు" అని పిలవడం మానేద్దాం. వాళ్లకు పేర్లున్నాయి.

బియ్యం ఇచ్చి మతం మారుస్తారనే నింద ఉంది. సాయం చేయడం మానేయాలా?

మానకూడదు. చేసే తీరు చూసుకోవాలి. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. కరువు సాయం ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. సంఖ్యను అందరూ గుర్తుపెట్టుకున్నారు. దాని ముందు తలుపు మూసి ఉంచిన ఆ నెలల్ని ఎవరూ చెప్పరు. మీ సంఘం వరద బాధితులకు దుప్పట్లు పంచేటప్పుడు కరపత్రం జతచేయకండి, ఫొటో తీయకండి.

సండే స్కూలు పిల్లలకు బోధించడంలో ప్రత్యేకత ఏమిటి? కథ చెప్పి కంఠత వాక్యం నేర్పిస్తే చాలదా?

చాలదు. అవి లేకుండా కూడా కుదరదు. ఎనిమిదేళ్లప్పుడు కంఠస్థం చేసిన 23వ కీర్తన ఎనభై ఏళ్లకు ఆస్పత్రి మంచం మీద అక్కరకు వస్తుంది.

చిక్కు మనం కథ ముగించే పద్ధతిలో ఉంది. దావీదు గొల్యాతును కొట్టాడు, కాబట్టి మీరూ ధైర్యంగా పరీక్షలు రాయండి. యోసేపు మంచివాడు, కాబట్టి ప్రధానమంత్రి అయ్యాడు. ఇలా చెబితే పిల్లలు నేర్చుకునేది బాగుంటే బాగుపడతాం అన్న ఒకే పాఠం. అది చెప్పడానికి నీతికథలు చాలు. యోసేపు కథలో చెరసాల దగ్గర ఆగి చూడండి. తప్పు చేయలేదు, అయినా జైలు. అదే జైల్లో ఉన్న రాజుగారి పానదాయకుడు మాట ఇచ్చి మరిచిపోయాడు. రెండేళ్లు గడిచాయి. "మీకు ఎవరైనా మాటిచ్చి మరిచిపోయారా?" అని అడగండి. నాన్న గురించి ఒక పిల్ల చెబుతుంది. తరగతి నిశ్శబ్దమవుతుంది. వెంటనే ఓదార్చి పాట అందుకోకండి. ఆ రెండేళ్లు దేవుడు యోసేపుకు తోడుగానే ఉన్నాడని బైబిలు చెబుతోంది, ఎందుకు త్వరగా విడిపించలేదో చెప్పదు. అంతవరకే చెప్పి ఆగే ధైర్యం బోధకుడికి ఉండాలి.

"నా ఫ్రెండు ప్రభువును నమ్మడు, నరకానికి పోతాడా టీచర్?" అని అడుగుతారు. అవునని గద్దిస్తే పిల్లవాడు స్నేహితుణ్ని దూరం పెడతాడు, లేదా మిమ్మల్ని. తీర్పు తీర్చేది దేవుడు, ఆయన న్యాయం తప్పడు, నీ స్నేహితుణ్ని నీకంటే ఎక్కువగా ప్రేమిస్తాడు, నువ్వు వాడికి మంచి స్నేహితుడిగా ఉండి వాడికోసం ప్రార్థించు అని చెప్పండి. డైనోసార్ల గురించి అడిగితే, మీకు తెలియకపోతే తెలియదనండి, వచ్చే వారం తెలుసుకుని రండి.

సిద్ధపడడం గురించి ఒక్క మాట: శనివారం రాత్రి పది గంటలకు పుస్తకం తెరిచే బోధకుడు ఆదివారం కేకలు వేస్తాడు. సోమవారమే వాక్యభాగం చదివి వదిలేయండి, వారమంతా అది మీ వెంట తిరుగుతుంది.

జబ్బు చేస్తే ప్రార్థన చాలు, మందు వాడితే విశ్వాసం లేనట్టే అని ఒక బోధకుడు చెప్పారు. నిజమా?

కాదు. మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి స్త్రీలకు వైద్యం మొదలుపెట్టారు, ఆమె పేరుతో ఆస్పత్రి ఇప్పటికీ ఉంది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో మరో మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్ కుష్ఠురోగులకు చాల్‌మోగ్రా నూనె సూదిమందుగా ఇచ్చారు. ఆ నూనెకు ప్రార్థన తోడయింది. బీపీ మాత్రలు ఆపమన్న బోధకుడి మాట వినకండి. ఆయన షుగరు మాత్రలు వేసుకుంటున్నారేమో కనుక్కోండి.

నేను బోధించడానికి తగినవాడినా? స్త్రీలు బోధించవచ్చా?

"మీలో అనేకులు బోధకులు కాకుండుడి" అని యాకోబు రాశాడు, బోధకులకు మరింత కఠినమైన తీర్పు ఉందని కారణం కూడా చెప్పాడు. అజరయ్యగారు ఇంకో కొస పట్టుకున్నారు. బాప్తిస్మం పొందినవారి చేత తమ తల మీద తామే చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. అక్షరం రాని కూలీలు కూడా పలికారు. రెండూ కలిపి చదువుకోవాలి: చెప్పే బాధ్యత అందరిదీ, మైకు ముందు నిలబడాలన్న సరదా మాత్రం అనుమానించదగ్గది. తగినవారో కాదో తేలడానికి సులువైన దారి మీ ఇంట్లోవాళ్లను అడగడం. మీ ప్రసంగం విన్న మీ భార్య తల దించుకుంటే విషయం ఉంది.

స్త్రీల గురించి సంఘాలు విడిపోయి ఉన్నాయి. దక్షిణ ఇండియా సంఘం స్త్రీలకు గురుపట్టం ఇస్తోంది, 2013లో నంద్యాల అధ్యక్ష మండలానికి పుష్పలలితగారు ఆ సంఘపు మొదటి మహిళా బిషప్ అయ్యారు. చాలా స్వతంత్ర సంఘాలు ఒప్పుకోవు. అయితే ఒప్పుకోని సంఘాల్లో కూడా సండే స్కూలు నడిపేది, ఉపవాస ప్రార్థనలు నిలబెట్టేది, కాపరిగారికి బైబిలు కథలు మొదట చెప్పిందీ స్త్రీలే.

వాట్సాప్‌లో వచ్చే క్రైస్తవ సందేశాలు పంపవచ్చా?

నిజమో కాదో తెలియకపోతే పంపకండి. ఫలానా శాస్త్రవేత్త చనిపోతూ మారుమనస్సు పొందాడు, ఫలానా దేశంలో రేపు చర్చిలు కూలుస్తున్నారు. ఇవి ఏళ్లుగా తిరుగుతున్నాయి. మీ మాట అవునంటే అవును, కాదంటే కాదు అని ఉండాలన్న ఆజ్ఞ ఫార్వర్డు బటనుకు కూడా వర్తిస్తుంది.

ఇలాంటివి అడిగితే కాపరిగారు నొచ్చుకుంటారేమో?

కొందరు నొచ్చుకుంటారు. బెరయ ఊరి యూదులు పౌలు చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు, వారిని ఘనులన్నాడు లూకా. అయితే అడిగే చోటు చూసుకోండి. ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర, వెనక వందమంది వందనాలు చెప్పడానికి నిలబడి ఉండగా అడగకండి. వారం మధ్యలో ఇంటికి వెళ్లండి, ముందు ఫోను చేసి వెళ్లండి. కట్నం, కులం, సంఘం లెక్కలు వంటివైతే ఒక్కరే కాకుండా ఇద్దరు పెద్దలను వెంటబెట్టుకుని వెళ్లండి. ఆయన జవాబు చెప్పలేకపోతే సమయం ఇవ్వండి. నెల తర్వాత మళ్లీ అడగండి.